చెట్టు కొట్టేవాడికి చెప్పిందెవరు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీరు అడవిలో చేసిన ఉద్యోగం గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. పులుల కథలు చెబుతానని మీలో కొందరు అనుకుని ఉంటారు. క్షమించాలి, నా కథలో పులి లేదు. గొడ్డలి ఉంది, రంపం ఉంది, వాటిని పట్టుకున్న మనుషులున్నారు. చెట్లు కొట్టే కూలీలకు పని నేర్పడం అనే ఒక చిన్న పని నేను చాలా ఏళ్లు చేశాను. అది ఎందుకు మొదలుపెట్టానో, అందులో నేనేం నేర్చుకున్నానో చెబుతాను. ఇంతమంది ఉపాధ్యాయులు కూర్చున్న సభలో నేర్పడం గురించి మాట్లాడడం సాహసమే. తప్పులుంటే అప్పట్లాగే సరిదిద్దండి.

ముందుగా ఒక అనుమానం తీర్చాలి. అడవి ఉద్యోగం అనగానే, "అడవిని కాపాడాల్సినవాళ్లు చెట్లు కొట్టించడమేంటి?" అని చాలామంది అడుగుతారు. జొన్న చేను వేసినవాళ్లకు దీనికి జవాబు తెలుసు. విత్తనం ఒత్తుగా మొలిస్తే కొన్ని మొక్కలు పీకేస్తాం. అన్నీ ఉంచితే ఏ కంకీ నిండదు. టేకు తోట కూడా అంతే. రెండు మీటర్లకొక మొక్క చొప్పున నాటితే హెక్టారుకు 2,500 మొక్కలు పడతాయి. టేకు ఎండ కోరే చెట్టు. పక్క చెట్టు నీడ కిందైతే సన్నగా సాగిపోతుంది, లావెక్కదు. అందుకని నాలుగైదేళ్లకు ఒకసారి, మళ్లీ ఎనిమిది పదేళ్లకు ఒకసారి వరస తప్పించి వరస తీసేస్తారు. ఆ తర్వాత ఒక్కొక్క చెట్టునే చూసి వంకరది, రోగం పట్టింది, మంచి చెట్టును నొక్కేస్తున్నది ఏరి తీస్తారు. యాభై అరవై ఏళ్లకు చివరి కోత నాటికి మిగిలేవి వేలల్లో ఉండవు, వందల్లోనే. దీన్నే థిన్నింగ్ అంటాం, మన మాటల్లో పలచన చేయడం. మన సంఘం పుట్టిన ఏడు ఎక్కడైనా టేకు తోట వేసి ఉంటే, ఈ యాభై ఏళ్లలో దాన్ని నాలుగైదు సార్లయినా పలచన చేసి ఉండాలి. కేరళలోని నిలంబూరులో 1840లలో కలెక్టర్ కానలీ హయాంలో, చాత్తు మేనోన్ దగ్గరుండి నాటించిన టేకు తోటలో కొంత భాగం ఇప్పటికీ నిలిచి ఉంది. చూడడానికి వెళ్లినవాళ్లు ఆ మాన్ల లావు చూసి ఆశ్చర్యపోతారు. వాటి చుట్టూ ఉన్న చెట్లను ఎవరో ఒకరు తీస్తూ వచ్చారు కాబట్టే అవి అంత లావెక్కాయని మాత్రం ఎవరికీ తోచదు.

ఇక్కడొక చిక్కుంది. తోట మొత్తం నరికేసేటప్పుడు చెట్టు పడడానికి ఖాళీ దొరుకుతుంది. పలచన చేసేటప్పుడు నాలుగు వైపులా చెట్లే. కొట్టిన చెట్టు నేల మీద పడకుండా పక్క చెట్టు కొమ్మల్లో చిక్కుకుని సగంలో ఆగిపోతుంది. మొదలు తెగి ఉంటుంది, తల పైన ఇరుక్కుని ఉంటుంది. అది గంటకు పడుతుందో, గాలికి పడుతుందో, మనిషి ముట్టుకోగానే పడుతుందో ఎవరూ చెప్పలేరు. మొత్తం నరకడం కంటే ఏరి నరకడమే ప్రమాదమని దీనివల్లే అంటాను. ఈ మాట నాకు ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు. ఒక చావు చెప్పింది.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు. గోదావరికి ఉత్తరాన ఒక టేకు తోటలో పలచన పని జరుగుతోంది. తీయాల్సిన చెట్లకు సుత్తి ముద్ర వేయించడం, లెక్క రాయించడం, దుంగలు డిపోకు చేర్చడం నా బాధ్యత. పని ఒక మేస్త్రీ కింద, గుత్తకు. అంటే ఎన్ని దుంగలు తీస్తే అంత కూలి. ఒకరోజు ఉదయం పది గంటల వేళ ఒక చెట్టు పక్క చెట్టులో చిక్కుకుంది. దాన్ని దింపడానికి ఒక కుర్రాడు, ఇరవై రెండేళ్లుంటాయేమో, అది ఆనుకున్న చెట్టునే కొట్టడం మొదలుపెట్టాడు. చూసేవాడికి అది తెలివైన పనిలాగే కనిపిస్తుంది. ఒక దెబ్బకు రెండు చెట్లు. నాలుగు గాట్లు పడ్డాయో లేదో, పైనున్న చెట్టు జారి అతని మీద పడింది. మేం వెళ్లేసరికి ప్రాణం లేదు.

ఆ రాత్రి నేను నివేదిక రాశాను. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎవరెవరు చూశారు, అన్నీ వరసగా రాశాను. కారణం అన్న చోట "కూలీ అజాగ్రత్త" అని రాశాను. అందరూ అలాగే రాస్తారు. మర్నాడు మేస్త్రీని పిలిచి చదివి వినిపించి వేలిముద్ర అడిగాను. ఆయన గోండు పెద్దమనిషి. నాకంటే ముప్పై ఏళ్లు పెద్ద, ఎప్పుడూ నా ముందు గొంతు పెంచి మాట్లాడింది లేదు. కాగితం వైపు చూసి, "చెప్పినంక ఇనకుంటే తప్పు వానిదే సార్. వానికి చెప్పింది ఎవలు?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఆయన వేలిముద్ర వేశారు, వెళ్లిపోయారు. నివేదిక పైకి వెళ్లింది.

ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. లెక్క రాసేవాడికి శిక్షణ ఉంది. బీటు చూసేవాడికి శిక్షణ ఉంది. నాకైతే రెండేళ్లు కూర్చోబెట్టి చెట్ల పేర్లు, నేలల రకాలు, చట్టాలు అన్నీ చెప్పారు. టన్ను బరువున్న మాను కింద రోజంతా నిలబడే మనిషికి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. "వాళ్లకు పుట్టుకతోనే వచ్చు" అనుకున్నాం. పుట్టుకతో వచ్చింది గొడ్డలి పట్టడం. ఇంటి దూలానికి ఒక చెట్టు కొట్టడం వేరు, రోజుకు ఇరవై చెట్లు, చెట్ల మధ్యన, గుత్తకు కొట్టడం వేరు. రెండోదాన్ని వాళ్ల ముందుకు తెచ్చింది మేం. దాని ప్రమాదం చెప్పాల్సింది కూడా మేమే.

అప్పట్నుంచి నేర్చుకోవడం మొదలుపెట్టాను. కొంత పుస్తకాల్లో, కొంత తెలిసినవాళ్ల దగ్గర. ఎక్కువ భాగం ఆ మేస్త్రీ దగ్గరే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1998లో అడవి పనుల్లో భద్రత గురించి ఒక నియమావళి ప్రచురించింది. అంతకు రెండేళ్ల ముందు, 1996లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చెట్ల కోతకు నమూనా నియమాలు తెచ్చింది. వాటిని చదువుతుంటే, అందులో సగం మేస్త్రీ గారు ఎప్పుడో నాకు చెప్పినవేనని తెలిసింది. మిగతా సగం ఆయనకు నేను చెప్పాను. అలా మా ఇద్దరి పాఠం ఒకటైంది. తర్వాత దాన్ని ఆరు రోజుల శిక్షణగా చేసి, ఐదారుగురు ఉన్న ఒక్కో ముఠాకు నేర్పుతూ వచ్చాం.

మొదటి రోజు ఒక్క చెట్టు కూడా కొట్టనిచ్చేవాళ్లం కాదు. ఆ రోజు పాఠం మన లెక్కల సారుది. ఆయన సరూప త్రిభుజాలు చెప్పిన రోజున ఇవి ఎందుకు పనికొస్తాయని నేను వెనక బెంచీలో గొణిగాను, ఆయనకు వినబడింది కూడా. ఎందుకు పనికొస్తాయో ముప్పై ఏళ్లకు చెబుతున్నాను. చేయి బారుగా చాచి, పిడికిలి నుంచి కంటికి ఎంత దూరమో అంత పొడవు కర్ర తీసుకోవాలి. దాన్ని పిడికిట్లో నిలువుగా పట్టుకుని వెనక్కి నడవాలి. కర్ర కింది కొస చెట్టు మొదలుతో, పై కొస చెట్టు తలతో కలిసిన చోట ఆగాలి. అక్కడినుంచి చెట్టుకు ఎంత దూరమో, చెట్టు ఎత్తు అంత. అంటే చెట్టు నీ వైపు పడితే దాని తల సరిగ్గా నీ కాళ్ల దగ్గర పడుతుంది. అక్షరం రానివాళ్లు పది నిమిషాల్లో ఇది నేర్చుకున్నారు. నాకు పరీక్షలో ఐదు మార్కులు తెచ్చిన లెక్క వాళ్లకు ప్రాణం కాపాడే కొలత అయింది.

ఆ కొలతకు రెట్టింపు దూరంలోపల చెట్టు కొట్టేవాళ్లు తప్ప ఇంకెవరూ ఉండకూడదు. ఈ నియమం కూలీల కంటే వాళ్ల ఇంటి ఆడవాళ్లకే ఎక్కువ అవసరమని చూస్తే తెలిసింది. చెట్టు పడగానే కొమ్మలు ఏరుకోవడానికి ఆడవాళ్లు, పిల్లలు దగ్గర్లోనే కాచుకుని ఉంటారు. ముందెవరు వెళితే వాళ్లకు మంచి కట్టె. మగవాళ్లకు ఎంత చెప్పినా వాళ్లు దగ్గరికి వస్తూనే ఉన్నారు. చివరికి శిక్షణకు ఆడవాళ్లనే పిలిచాం. కర్ర వాళ్ల చేతికే ఇచ్చాం. హద్దు ఎక్కడో వాళ్లే కొలిచి గుర్తు పెట్టారు. కొమ్మలు వంతులవారీగా పంచుకుంటామన్న మాట కూడా వాళ్లే పెట్టుకున్నారు. ఆ తర్వాత హద్దు దాటినవాళ్లను కేకేసింది మేం కాదు, వాళ్లే.

రెండో రోజు చూడడం. చెట్టు ఎటు వాలి ఉంది, కొమ్మలు ఏ వైపు బరువు, పైన ఎండు కొమ్మ ఏదైనా వేలాడుతోందా, గాలి ఎటు, తీగ ఏదైనా ఈ చెట్టునూ పక్క చెట్టునూ కలిపి పట్టుకుందా. చుట్టూ ఒకసారి తిరిగి ఇవన్నీ నోటితో చెప్పాలి. ఆ తర్వాత తప్పించుకునే దారి. చెట్టు పడే వైపుకు సరిగ్గా వెనక నిలబడితే మొదలు ఎగిరి తన్నవచ్చు. అందుకని వెనక్కి, పక్కకు ఏటవాలుగా పరుగెత్తే దారి ముందే చూసుకుని, తుప్పలు, రాళ్లు తీసి ఉంచుకోవాలి. గొడ్డలి ఎత్తే ముందు ఆ దారిలో ఒకసారి నడిచి చూడాలి. మొదట్లో కుర్రాళ్లు నవ్వేవాళ్లు. ఎందుకంటే పారిపోయే దారి వెతుక్కోవడం వాళ్ల లెక్కలో పిరికితనం. మేస్త్రీ గారు ఏమీ అనకుండా ఆయనే ప్రతి చెట్టు దగ్గరా ఆ దారిలో నడిచి చూపించేవారు. ఆయన నడిచాక నవ్వేవాళ్లు లేరు.

మూడో రోజు కోత. చెట్టు పడాల్సిన వైపు ముందుగా ఒక గాటు, మాను మందంలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు వరకు. తర్వాత వెనక వైపు నుంచి, గాటు అడుగు కంటే కొంచెం పైన, రంపంతో కోత. రెండూ కలవకూడదు. మధ్యలో మందంలో పదో వంతు కొయ్య మిగలాలి. అడుగు మందం చెట్టుకు అంగుళం పైచిలుకు. తలుపుకు మడతబందు ఎలాగో చెట్టుకు అది అలాగ. చెట్టును నిదానంగా, మనం అనుకున్న వైపుకు వాల్చేది అదే. దాన్ని పూర్తిగా కోసేస్తే చెట్టు ఎటైనా తిరుగుతుంది. ముందు గాటు పెట్టకుండా వెనక నుంచే కోసుకుంటూ పోతే వాలిన చెట్టు నిలువునా చీలి, చీలిన సగం కోసేవాడి మొహం మీదికి లేస్తుంది. ఇవన్నీ ముందు నేలలో పాతిన మొద్దుల మీద చేయించేవాళ్లం.

నాలుగో రోజు నిజం చెట్లు. చెట్టు తల పడాల్సిన చోట నేలలో ఒక మేకు పాతేవాళ్లం. చెట్టు పడి ఆ మేకును నేలలోకి దిగ్గొట్టాలి. పందెం అంటే పందెమే. ఆరోజు కుర్రాళ్లలో ఉత్సాహం చూడాలి. పనివాడు మంచి గొడ్డలి దెబ్బ గురించి గర్వపడడం ఎప్పుడూ ఉంది. చెప్పిన చోట చెట్టు పడేయడం గురించి గర్వపడడం ఆ రోజు మొదలయ్యేది. చెట్టు పడ్డాక అందరం మొద్దు చుట్టూ చేరేవాళ్లం. ఉపాధ్యాయులు నవ్వుకుంటారేమో గానీ, మొద్దే మా జవాబు పత్రం. గాటు లోతెంత, కోత వంకరపోయిందా, మడతబందు ఒక వైపు మందంగా, ఒక వైపు పల్చగా మిగిలిందా, అన్నీ దాని మీద కనిపిస్తాయి. చెట్టు ఎందుకు పక్కకు తిరిగిందో మొద్దు చెబుతుంది. మార్కులు వేయడానికి నేను అక్కర్లేదు. రెండు రోజుల్లో ఒకరి మొద్దు ఒకరు దిద్దుకునేవాళ్లు.

ఐదో రోజు చిక్కుకున్న చెట్టు. ఆ రోజు పాఠం నేనే చెప్పేవాణ్ని. దాని కిందికి వెళ్లకూడదు. ఆనుకున్న చెట్టును కొట్టకూడదు. దాని మీద ఇంకో చెట్టు పడేయకూడదు. పైకెక్కకూడదు. మొదలును ముక్కలుగా కోయకూడదు. పొడవాటి తాడు మొదలుకు కట్టి దూరం నుంచి వెనక్కి లాగాలి, ఎడ్లతో గానీ చేతి విన్చితో గానీ. చిన్న చెట్టయితే పొడవాటి కర్రతో పక్కనుంచి దొర్లించి విడిపించాలి. రాకపోతే చుట్టూ గుర్తు పెట్టి, అందరికీ చెప్పి, వదిలేసి రావాలి. ప్రతి ముఠాకూ ఆ కుర్రాడి సంగతి చెప్పేవాణ్ని. పేరు చెప్పేవాణ్ని కాదు. కొన్ని ఊళ్లలో చెప్పకపోయినా తెలిసిపోయేది.

ఆరో రోజు దుంగలు లాగడం, దెబ్బ తగిలినప్పుడు చేయాల్సింది. రక్తం కారుతుంటే గుడ్డతో గట్టిగా అదిమి పట్టడం, వెన్ను దెబ్బ తగిలినవాణ్ని ఇష్టమొచ్చినట్టు ఎత్తకపోవడం, పని మొదలుపెట్టే ముందే దగ్గరి ఆసుపత్రికి దారి, బండి చూసి పెట్టుకోవడం. ఎంత చిన్నవిగా కనిపించినా అడవిలో ఇవే ముఖ్యం.

ఇంతవరకు మనిషి సంగతి చెప్పాను. అడవి సంగతి దీనికి వేరు కాదు. పలచన చేసేది నిల్చున్న చెట్ల కోసం. తీసేవాటిని తీస్తూ ఉంచేవాటిని గాయపరిస్తే ఆ పనికి అర్థం లేదు. దుంగ లాగేటప్పుడు నిల్చున్న టేకు బెరడు ఒలిచిపోతే ఆ రోజు ఏమీ తెలియదు. ఆ గాయంలోంచి పుచ్చు లోపలికి పోతుంది. ఇరవై ఏళ్లకు డిపోలో కోసినప్పుడు బయటపడుతుంది. అందుకని దుంగలు లాగే దారులు చెట్లు కొట్టకముందే గీసుకోవాలి, చెట్లను ఆ దారి వైపు ఏటవాలుగా పడేయాలి. ఎక్కడపడితే అక్కడ బండి తిప్పకూడదు. వాన పడి నేల మెత్తగా ఉంటే పని ఆపాలి, లేకపోతే నేల గట్టిపడి నీళ్లు ఇంకవు. వాగు ఒడ్డున చెట్లు ముట్టకూడదు. పెద్ద తీగలను ముందే కోసి ఎండనివ్వాలి, లేకపోతే ఒక చెట్టు పడుతూ ఇంకో నాలుగింటిని లాగుతుంది. ఎండు కొమ్మలు నిల్చున్న చెట్ల మొదట్లో కుప్ప పోస్తే మాఘ ఫాల్గుణాల్లో మంట వచ్చినప్పుడు మంచి చెట్టే ముందు కాలుతుంది. మలేసియాలోని సబా రాష్ట్రంలో 1990లలో ఇలాంటి జాగ్రత్తలతో, కూలీలకు శిక్షణ ఇచ్చి సహజారణ్యంలో చెట్లు కొట్టించి చూశారు. మామూలు పద్ధతితో పోలిస్తే మిగిలిన చెట్లకు తగిలిన దెబ్బ సగానికి పైగా తగ్గింది. అక్కడి అడవి వేరు, మన టేకు తోట వేరు. కానీ సూత్రం ఒకటే. చెట్టు ఎటు పడాలో తెలిసినవాడు తననూ కాపాడుకుంటాడు, పక్క చెట్టునూ కాపాడతాడు.

ఇంత చెప్పాక ఒక నిజం ఒప్పుకోవాలి. మొదటి రెండేళ్లు ఈ శిక్షణ వల్ల పెద్దగా మార్పు రాలేదు. శిక్షణలో ఎంత బాగా చేసినవాళ్లయినా కూపులోకి వెళ్లాక పాత పద్ధతికే వచ్చేవాళ్లు. నాకు కోపం వచ్చేది. మళ్లీ మేస్త్రీ గారే విడమరిచి చెప్పారు. చెట్టు చుట్టూ తిరిగి చూడడానికి, దారి శుభ్రం చేసుకోవడానికి ఎంత సేపు పడుతుంది? చిక్కుకున్న చెట్టు దగ్గర తాడు కట్టి లాగడానికి అరపూట. గుత్త కూలీలో ఆ అరపూటకు ఎవరూ పైసా ఇవ్వరు. అంటే జాగ్రత్తగా ఉన్నవాడికి కూలి తగ్గుతుంది, తెగించినవాడికి పెరుగుతుంది. మేం నోటితో ఒక పాఠం చెబుతున్నాం, డబ్బుతో దానికి ఎదురు పాఠం చెబుతున్నాం. ఏ పాఠం నిలుస్తుందో వేరే చెప్పాలా?

అందుకని రెండు మార్పుల కోసం పైవాళ్లను పట్టుకుని వేలాడాను. ఒకటి, చిక్కుకున్న చెట్టు దింపే పనికి గుత్త కాకుండా దినకూలి కట్టివ్వడం. రెండు, "ఈ చెట్టు కొట్టను" అనే హక్కు. ముఠాలో ఎవరికి అనుమానం వచ్చినా చెట్టు మీద సున్నంతో అడ్డగీత గీసి వదిలేయవచ్చు. ఎందుకని ఎవరూ తిట్టకూడదు, కూలి కోయకూడదు. నేనే వచ్చి చూసి తేల్చాలి. మొదటిది సగం సాధించాను. రెండోదానికి పైసా ఖర్చు లేదు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. కానీ అదే కష్టమైంది. రేంజరు మొహం మీద "కొట్టను" అనడం ఆ కుర్రాళ్లకు కొండంత పని. ఒక సీజనంతా ఒక్క అడ్డగీత కూడా కనబడలేదు.

తర్వాతి ఏడు ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చారు. శిక్షణ పొందిన ముఠా పని చూపిద్దామని నేను అన్నీ సిద్ధం చేశాను. మేకు పాతాం, అందరం దూరంగా నిలబడ్డాం. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని ఒక కుర్రాడు చెట్టు చుట్టూ తిరిగాడు, దారి నడిచాడు, తల ఎత్తి చూశాడు. గొడ్డలి కింద పెట్టాడు. "గాలి మర్లింది సార్. ఇప్పుడు కొట్టద్దు" అన్నాడు. అధికారి వాచీ చూసుకున్నారు. నాకు చెమటలు పట్టాయి. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం "ఏం కాదు, కొట్టు" అనాలని నోటిదాకా వచ్చింది. మేస్త్రీ గారు నా వైపే చూస్తున్నారు. "సరే, ఆగుదాం" అన్నాను. గంట ఆగినా గాలి తగ్గలేదు. అధికారి చూడకుండానే వెళ్లిపోయారు. ఆ కుర్రాడు చెట్టు మీద సున్నం గీత గీశాడు. ఆ గీతే మా శిక్షణకు వచ్చిన మొదటి సర్టిఫికెట్టు.

ఆ తర్వాత ప్రమాదాలే జరగలేదని చెప్పను. ఒకతనికి గొడ్డలి జారి పాదం తెగింది. ఇంకొకతనికి భుజం విరిగింది. చిక్కుకున్న చెట్టు కింద మాత్రం, నేనున్నన్నాళ్లూ, మా ముఠాల్లో ఇంకెవరూ పోలేదు.

ఇప్పుడు కాలం మారింది. ఇద్దరు లాగే రంపం పోయి చైన్ సా వచ్చింది. గొలుసు సెకనుకు ఇరవై మీటర్ల వేగంతో తిరుగుతుంది. ముక్కు పైభాగం కొయ్యకు తగిలితే మిషను ఒక్కసారిగా మనిషి మీదికి ఎగురుతుంది. హెల్మెట్టు, చెవులకు మూతలు, గొలుసు తగిలితే పోగులు చుట్టుకుని ఆపేసే ప్రత్యేకమైన ప్యాంటు, అన్నీ ఉన్నాయి. మన ఎండలో ఆ ప్యాంటు వేసుకోవడం కష్టమని నాకూ తెలుసు. అందుకే తెల్లవారుజామున మొదలుపెట్టి పదకొండింటికి ఆపమంటాను. ఈ పని ఇప్పుడు అడవుల్లో మాత్రమే లేదు. మీలో ఎంతమంది పొలాల్లో జామాయిలు, సుబాబుల్, సరుగుడు వేశారో చేతులెత్తమంటే సగం సభ లేస్తుంది. వాటిని కోయడానికి వచ్చే ముఠాలో కుర్రాళ్లు చాలామంది లుంగీ, చెప్పులతో వస్తారు. మిషను కొన్నది నిన్న, కోత మొదలుపెట్టింది ఇవాళ.

అందుకని మిమ్మల్ని ఒక్కటే కోరతాను. మీ తోట కోతకు ఇచ్చేటప్పుడు టన్నుకు ఎంత అని అడిగాక ఇంకో నాలుగు మాటలు అడగండి. మిషను పట్టేవాడికి ఎవరు నేర్పారు? చెట్టు చిక్కుకుంటే ఏం చేస్తారు? దెబ్బ తగిలితే బండి ఎక్కడుంది? గాలి వస్తే పని ఆపితే కూలి ఎవరిస్తారు? చివరి ప్రశ్నకు "నేనిస్తాను" అని మీరే చెప్పండి. అది మీకు ఒక పూట కూలి. అవతల ఒక ఇంటికి అది మొత్తం బతుకు.

మేస్త్రీ గారు ఇప్పుడు లేరు. నేను రాసిన నివేదిక ఎక్కడో ఒక ఫైల్లో ఉండే ఉంటుంది. అందులో "కూలీ అజాగ్రత్త" అన్న మాట కూడా ఉండే ఉంటుంది. పై ఆఫీసుకు చేరిన కాగితాన్ని వెనక్కి తెచ్చి దిద్దే అవకాశం నాకు దొరకలేదు. తప్పు రాస్తే కొట్టేసి పక్కన ఒప్పు రాయమని ఈ బడిలోనే మనకు నేర్పారు. ఆ గురువుల ముందు ఇవాళ ఆ మాట కొట్టేస్తున్నాను. అతను అజాగ్రత్తగా లేడు. అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను.